స్వాగతం చెప్పి తలుపేసిన వైనం

ఒక్క మధ్యాహ్నంలో ఒక ప్రాజెక్టును నేను ఎలా నిండా ముంచబోయానో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను.

మాది అరకు కొండదారుల మ్యాప్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా నెట్‌లోకి వచ్చి తప్పులు దిద్దవచ్చు. చిక్కల్లా, దిద్దడానికి ఎవరూ రారు. విశాఖలో ఉండే మా ప్రాజెక్టు పెద్ద, మేడమ్, ఈ నెలలో కొత్తవాళ్లు చేరకపోతే మూసేద్దామన్నారు. కాళ్లు బొబ్బలెక్కేలా తిరిగి గీసిన దారులవి. నా ప్రాణం గిలగిల్లాడింది.

జి.మాడుగుల వైపు ఒకే ఊరికి చెందిన డిగ్రీ విద్యార్థులు ఆరుగురిని బతిమాలి అరకు రప్పించాను. ఓ హాల్లో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఉపన్యాసం దంచాను. కొత్తవాళ్ల కోసం తేలికైన పనులు విడిగా పెట్టాం, నచ్చింది తీసుకోండి అని చెప్పి భోజనానికి వెళ్లాను.

తిరిగొచ్చి పక్కగదిలో లాప్‌టాప్ తెరిస్తే కళ్లు తిరిగాయి. ఒకే వాగు దగ్గర ఒకే దిద్దుబాటు, ఆరుసార్లు. ఆరు ఖాతాలకూ ఒకే ఇంటిపేరు, పక్కన అంకెలు. మనిషన్నవాడు ఇలా చేస్తాడా, మీరే చెప్పండి. ఏదో దొంగ ప్రోగ్రామ్ మీదపడిందనుకుని, మ్యాప్ కాపలా పని నాదే కనుక, ఆరింటినీ నిషేధించాను. అవి వచ్చిన వైఫైనీ నిషేధించి, కాలరెగరేసుకుంటూ హాల్లోకి వెళ్లాను.

అందరి ముఖాల్లోనూ అయోమయం. వాళ్లలో చురుకైన సుమిత్ర లేచింది.

"ఏటి సార్, పొద్దున్న రమ్మన్నారు. ఇప్పుడేమో తలుపేసీసినారు."

పాస్‌వర్డ్ తప్పేమోనన్నాను. మళ్లీ కొట్టారు. మళ్లీ సలహా ఇచ్చాను. చివరికి ఆమె ఫోన్ తీసుకుని చూస్తే, నేను నిషేధించిన ఇంటిపేరే. ఊరంతటికీ అదే ఇంటిపేరట. మరి అందరూ ఒకే పని ఎందుకు చేశారని నీరసంగా అడిగాను.

"మా ఊర్ల అంతే సార్. అందరం కలిసి ముందు ఒకలి పొలం దున్నీసి, తర్వాత ఇంకొకలిదానికి ఎల్తాం. ఒక్కలినే వదిలీస్తే ఏటి బాగుంటాది?"

నిషేధం ఎత్తేద్దామని లాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తాను. అది నన్నూ రానివ్వలేదు. నేనున్నదీ ఆ వైఫై మీదే కదా.

ఫోన్‌లో సొంత నెట్ ఉంది గానీ, నా పాస్‌వర్డ్ లాప్‌టాప్‌కే తెలుసు, నాకు గుర్తులేదు; దిక్కులేక ఫోన్‌లో కొత్త ఖాతా తెరిచి మేడమ్‌కు మొరపెట్టుకున్నాను. వెంటనే, కొత్తగా చేరినవాళ్లకు దానంతటదే వెళ్లే సందేశం నాకొచ్చింది. దాన్ని రాసిన మహానుభావుణ్ణి నేనే. సుమిత్ర నా భుజం మీదుగా చూసి పైకి చదివింది: "స్వాగతం. భయపడకండి. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ గెంటెయ్యరు."

ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

సాయంత్రానికి మేడమ్ అందరికీ తలుపు తీశారు. ఆరుగురు కొత్తవాళ్లు చేరారు కాబట్టి ప్రాజెక్టు మూయడం లేదన్నారు. కొత్తవాళ్లకు స్వాగతం చెప్పే పని మాత్రం నా దగ్గర్నుంచి తీసేసి సుమిత్రకిచ్చారు. ఆ ఆరుగురూ నా చుట్టూ చేరి, నా కొత్త ఖాతాతో తొలి దిద్దుబాటు చేయించారు. అదే వాగు దగ్గర, ఏడోసారి.

కనుక అరకు కాఫీ మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ముందు పక్కగదిలోకి తొంగిచూడకుండా, ఈ భూమ్మీద ఎవరినీ నిషేధించను.