పెదనాన్న ఆనుకున్న గోడ

మా పెదనాన్న బాగా లావు. ఆ లావు ఇంట్లో పెద్దమ్మకు దిగులు, ఆఫీసులో ఆయనకు పనిముట్టు. ఇళ్ళు కట్టే కాంట్రాక్టర్లకు లైసెన్సులిచ్చే సెక్షన్‌కు ఆయన అధికారి. లైసెన్సు కావాలన్నవాడు ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో, సర్కారు ఇటుకలతో, సర్కారు సిమెంటుతో, ఒక మూల తిరిగేలా భుజాల ఎత్తు గోడ కట్టి చూపించాలి. అది ఆరాక పెదనాన్న గుండు దారం వేలాడదీసి చూసేవాడు, మట్టం పెట్టి చూసేవాడు. చివరికి టీ గ్లాసు పట్టుకుని ఆ గోడకు వీపు ఆనించి నిలబడేవాడు. టీ అయ్యేదాకా గోడ కదలకపోతే సంతకం. ఆ వెంటనే గోడ పడగొట్టించేవాడు. తర్వాతివాడికి చోటు కావాలిగా!

కాలేజీకి వెళ్తూ నేను ఆయనకు క్యారేజీ ఇచ్చి వెళ్ళేదాన్ని. ఆ తడి సిమెంటు వాసన నాకు ఎంతిష్టమో చెప్పలేను. ఇప్పటికీ ఎక్కడైనా ఇల్లు కడుతుంటే కాసేపు ఆగుతాను. ఒక పొట్టి మేస్త్రీ కట్టిన గోడ కూలి, పెదనాన్న టీతో సహా వెల్లకిలా పడ్డ రోజు నేనక్కడే ఉన్నాను. నవ్వాపుకోలేక చచ్చాను. పాపం, మేస్త్రీ ముఖంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

పెదనాన్న లేచి చొక్కా దులుపుకున్నాడు. "నా వీపు కింద పడింది కాబట్టి సరిపోయిందయ్యా. రేపు ఎవరి పిల్లల మీదో పడితే? పో, మళ్ళీ కట్టు."

మేస్త్రీ మళ్ళీ కట్టాడు. ఈసారి నిలబడింది.

ఇలా సాగుతుండగా లెక్కల విభాగం నుంచి ఒకావిడ వచ్చింది. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకమేమో అనుకున్నాం. కాదు, మంచి మనిషి. ఆవిడ చెప్పిందీ నిజమే.

"సార్, మీ సెక్షన్ రాబడి మూరెడు, ఖర్చు బారెడు. వాళ్ళు కట్టే ఫీజు మీ ఇటుకలకే చాలట్లేదు. మిగతాది జనం పన్నుల్లోంచి పోతోంది. ఫీజు పెంచండి, లేకపోతే గోడ మానేయండి."

"ఫీజు పెంచితే కూలి చేసుకునే మేస్త్రీ ఎప్పటికీ కాంట్రాక్టరు కాలేడమ్మా. గోడ మానేస్తే ఇళ్ళు పడతాయి. ఇన్నేళ్ళుగా పడకుండా ఉన్న ఇళ్ళున్నాయే, వాటిని ఏ పద్దులో రాద్దాం?"

"పడని ఇంటికి రసీదు ఉండదు సార్" అంది ఆవిడ, నిజంగా బాధపడుతూనే.

గోడ మానేశారు. ఫీజు కట్టినవాడికల్లా లైసెన్సు. సెక్షన్ లాభాల్లోకొచ్చింది, కొత్త బీరువాలొచ్చాయి. ఖాళీ స్థలంలో స్కూటర్లు పెట్టుకున్నారు. పదవీ విరమణ నాడు, సెక్షన్‌ను లాభాల బాట పట్టించినందుకని పెదనాన్నకు ఒక గోడ గడియారం కూడా ఇచ్చారు! ఆయన దాన్ని అట్టపెట్టె విప్పకుండానే అటక మీద పడేశాడు. తర్వాత చాన్నాళ్ళు మనిషి మనిషిలా లేడు. టీ గ్లాసు చేతికిస్తే ఎక్కడ నిలబడాలో తెలియనట్టు చూసేవాడు. ఆ చూపు తలచుకుంటే నాకు ఆ ఆఫీసు మీద ఇప్పటికీ కోపమే.

ఒక ఉదయం పొట్టి మేస్త్రీ అల్లుణ్ణి వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు.

"వీడికి లైసెన్సయితే వచ్చింది సార్, గోడే కట్టలేదు. నా కూతురుండే ఇల్లు వీడే కడతానంటున్నాడు. మా ఇటుకలే తెచ్చుకున్నాం. మీరొక్కసారి ఆనుకోండి."

పెరట్లో గోడకు చోటివ్వడానికి పెద్దమ్మ ఆకుకూర మడి ఒక మూలకు జరిగింది. ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు రావడం మొదలుపెట్టారు. అందరికీ టీలు కాయలేక పెద్దమ్మ సణిగేది. "సర్కారుకు తప్పిన ఖర్చు నా నెత్తిన పడింది. వద్దని ఈయనకు చెప్పినా ఒకటే, ఆ గోడకు చెప్పినా ఒకటే." అంటూనే ఇంకో గ్లాసు కడిగేది. పెదనాన్న ముఖం మళ్ళీ వెలిగింది. ఆ పెరటి రోజులంత మంచి రోజులు మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

తర్వాత ఆయనకు జబ్బు చేసింది. చిక్కి సగమయ్యాడు. ఆ స్థితిలోనూ ఒక కొత్త మేస్త్రీ వచ్చి గోడ కడితే, నా భుజం పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. ఆనుకుని చూసి తల అడ్డంగా ఊపాడు.

"నా బరువు చాలదే. నేనిప్పుడు ఆనుకుంటే దడి కూడా పడదు. రా, మన వంశంలో నా ఒళ్ళు నీకే వచ్చింది."

మరో రోజైతే ఆ మాటకు అలిగేదాన్ని. గబగబా వెళ్ళి ఆయన పక్కన ఆనుకున్నాను. ఆయన టీ పూర్తయ్యేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. గోడ కదల్లేదు.

"పాసయ్యావు. ఇక పడగొట్టెయ్" అన్నాడు పెదనాన్న. మేస్త్రీ గునపం తీశాడు.

పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి అడ్డంగా నిలబడింది. "దాన్ని ముట్టుకోవద్దు నాయనా."

"పరీక్ష గోడ ఉంచకూడదే. రూలు."

"మీ రూలు ఆఫీసులో. ఇది నా పెరడు. పొద్దున్నే మీరు టీ తాగేటప్పుడు ఆనుకోవడానికి ఒకటి ఉండాలి."

పెదనాన్న ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే ఆ గోడకు ఆనుకునే టీ తాగాడు.

ఆయన పోయాక చాలా కాలానికి, నిన్న ఉదయం ఆ ఇంటికి వెళ్ళాను. పెరట్లో పెద్దమ్మ టీ గ్లాసు పట్టుకుని, ఆ గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.