చప్పుడు లేని రికార్డింగ్ పెట్టె

బాపు గనిలో ఉన్నంతసేపూ మా ఇంట్లో కుక్కర్ పెట్టేవాళ్ళం కాదు. అన్నం గిన్నెలో వండి గంజి వార్చాల్సిందే. మిక్సీ ముట్టుకోకూడదు. ఫ్యాను కిర్రుమంటే దాన్నీ ఆపాల్సిందే. ఇక టీవీ సంగతి చెప్పనే అక్కర్లేదు. శ్రీరాంపూర్‌లో బొగ్గుగని కార్మికుల క్వార్టర్లన్నీ ఒక్కలాగే ఉంటాయి గానీ, పట్టపగలు అంత నిశ్శబ్దంగా ఉండేది మా ఒక్క ఇల్లే. వేళకాని వేళ సైరన్ మోగుతుందేమో, అంబులెన్సు వస్తుందేమో, మా గుమ్మం ముందు ఎవరి బండైనా ఆగుతుందేమో అని బాపు షిఫ్టు అయ్యేదాకా మా అవ్వ వింటూ కూర్చునేది. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం, నాన్నను బాపు అని.

ఈ భయం ఊరికే రాలేదు. నా చిన్నప్పుడు మా వెనక వరుసలో ఒకాయన గనిలో పోయాడు. కబురు తెచ్చిన మనుషులు తలుపు కొడుతూనే ఉన్నారు, ఇల్లాలు లోపల మిక్సీలో చట్నీ రుబ్బుతూనే ఉంది. మిక్సీ ఆగేదాకా ఆమెకు వినపడలేదు. ఆ రోజు నుంచి అవ్వకు చావుకంటే మిక్సీ అంటేనే ఎక్కువ భయమేమో అనిపించేది నాకు.

పెద్దయ్యాక ఆమెను ఆటపట్టించేదాన్ని, నువ్వు చెవులు రిక్కిస్తేనే గని పైకప్పు నిలబడుతుందా అని. ఆమె నవ్వేది కాదు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. రోడ్డు మీద ఎవరికోసమో అంబులెన్సు పోతుంటే నా చేతిలో చాక్‌పీసు ఆగిపోయేది. అది దూరమయ్యేదాకా ఏ లెక్క చేస్తున్నానో గుర్తొచ్చేది కాదు.

అవ్వకు ప్రాణమైంది సాయంత్రం వచ్చే అత్తాకోడళ్ళ సీరియల్. బాపుకు రెండో షిఫ్టు పడిన వారమంతా అది పోయేది. పక్కింటామె మర్నాడు గోడ మీద నుంచి కథ చెప్పేది గానీ, కోడలు చేసిన పని అత్తకు, అత్త ఏడ్చిన ఏడుపు కోడలికి అంటగట్టేది. అవ్వకు ఒళ్ళు మండేది. టీవీ రికార్డు చేసే పెట్టె ఒకటి కొంటే, బాపు ఇంట్లో ఉన్నప్పుడు తీరిగ్గా చూసుకుంటుంది కదా అనుకున్నాను. ఫోనులో చెబితే ఆమె అడిగింది ఒక్కటే.

“దానికి సప్పుడుంటదా బిడ్డా?”

కరీంనగర్ దుకాణంలో వాళ్ళు మూడు నాలుగు రకాలు చూపించారు. ఒకదానిలో హార్డ్ డిస్క్ లోపలే ఉంటుందట, నెలల తరబడి సీరియళ్ళు దాచుకోవచ్చట. ఇంకొకటి పాత డీవీడీ రికార్డర్, అది ఎలాగైనా వదిలించుకోవాలని దుకాణదారు ఆరాటం. నేను ఒక్కో పెట్టెనూ ఆన్ చేయించి దాని మీద చెవి ఆనించి విన్నాను. అందరూ ఎన్ని గంటలు రికార్డవుతుంది, బొమ్మ ఎంత బాగుంటుంది అని అడుగుతారు మేడమ్, మీరేంటి డాక్టర్‌లాగా చూస్తున్నారు అని ఆయన నవ్వాడు. ఏం చెప్పను? హార్డ్ డిస్క్ ఉన్నది సన్నగా గుయ్యిమంటోంది. ఆ మాత్రం గుయ్యిమన్నా మా అవ్వకు కంటి మీద కునుకుండదు. చివరికి పెన్‌డ్రైవ్ పెట్టుకునే చిన్న పెట్టె తీసుకున్నాను. అందులో ఎక్కువ పట్టదు గానీ బొత్తిగా చప్పుడు లేదు. చూస్తూ చూస్తూ ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు కూడా. అవ్వకు ఈ ఆపడమే అన్నిటికంటే నచ్చింది. బాపు ఇంట్లోనే ఉన్నా అలవాటు కొద్దీ, బయట ఏ చప్పుడైనా టక్కున ఆపి వినేది. పోయింది పాల బండి అని తేలాక మళ్ళీ నడిపించేది.

ఆ ధైర్యంతోనే కొన్నాళ్ళకు, బాపు పనిలో ఉన్నప్పుడు కూడా వినీ వినపడనంత శబ్దం పెట్టుకుని చూడటం మొదలుపెట్టింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇన్నేళ్ళ భయం కొంచెం సడలిందనుకున్నాను.

ఎండాకాలం సెలవులకు నేను ఇంటికి వచ్చినప్పటి మాట. బాపు మొదటి షిఫ్టుకు పొద్దున్నే వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అవ్వ చూడకుండా మిగిలిపోయిన పోయిన వారం భాగం నేనే వెతికి పెట్టాను. తెర మీద అత్త ఏదో శాపనార్థాలు పెడుతోంది. ఆ ఛానల్ వాళ్ళు పెద్ద వార్త ఏదైనా ఉంటే సీరియల్ కింద కూడా అక్షరాలు పరుగెత్తిస్తారు. ఉన్నట్టుండి కింద ఎర్ర పట్టీ వచ్చింది. అవ్వ చదువు అంతంతమాత్రం. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివింది. బొగ్గు గనిలో కూలిన పైకప్పు. ఇద్దరు కార్మికులకు గాయాలు. కొనసాగుతున్న సహాయక చర్యలు.

రిమోట్ ఆమె చేతిలోనే ఉంది. ఆపలేదు. 

అది పోయిన వారం వార్త. గోదావరి అవతల ఎక్కడో ఒక గనిలో జరిగింది. మర్నాడు పొద్దున బాపు మా పక్కనే కూర్చుని చాయ్ తాగుతూ దాని గురించి మాట్లాడాడు కూడా. ఇవన్నీ నాకు తెలుసు. ఆ భాగం పెట్టిందీ నేనే.

“అవ్వా, ఇది పాతది. పోయిన వారందే.”

“మరి గిప్పుడెందుకు చెప్తుండ్రు?”

రికార్డింగ్ అంటే ఏమిటో చెప్పడానికి నోరు తెరిచాను. అంతలోనే నాకే అనుమానమొచ్చింది. ఆ కప్పు కూలింది పోయిన వారమే, నిజమే. ఈ రోజు ఇంకొకటి కూలలేదని నాకెవరు చెప్పారు? ఇంత సేపూ మేము టీవీ చూస్తున్నాం. ఎంత తగ్గించినా శబ్దం శబ్దమే. బయట సైరన్ మోగి ఉంటే విన్నామా?  చదువుకున్నదాన్ని, అవ్వకు ధైర్యం చెప్పాల్సినదాన్ని, బాపు నంబరుకు ఫోను కొట్టాను. పక్క గదిలో అలమరలో మోగింది. గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు, అందుకే రోజూ ఇంట్లోనే పెట్టి పోతాడు. ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలుసు నాకు. అయినా ఆ మోత ఆగేదాకా ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాను.

అవ్వ అప్పటికే వాకిట్లో ఉంది. ఇద్దరం చెప్పులు లేకుండానే రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో ఎక్కాం. దారిపొడుగునా ఆమె నా మణికట్టు వదల్లేదు. ఏడుపు వస్తోంది గానీ, ఏడిస్తే నిజమైపోతుందేమోనని బిగపట్టుకున్నాను.

గని గేటు దగ్గర కాపలా మనిషి మమ్మల్ని చూసి కంగారుగా ఎదురొచ్చాడు. సంగతి చెబితే, ఏమీ కాలేదమ్మా, షిఫ్టు దిగే వేళైంది, ఇంటికి పోండి అన్నాడు. మనిషిని చూసి పోతాం అంది అవ్వ. సైకిల్ స్టాండు నీడలో నిలబడ్డాం. కాసేపటికి షిఫ్టు దిగినవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలైంది. మసి ముఖాలతో నవ్వుకుంటూ వస్తున్నవాళ్ళు మమ్మల్ని చూడగానే గొంతు తగ్గించి, చూపు తిప్పుకుని పోతున్నారు. ఎందుకలా పోతున్నారో నాకు అర్థం కాలేదు. నా భయం ఇంకా పెరిగింది.

ఆ గుంపు వెనకాల బాపు కనిపించాడు. నడక, భుజం వంపు, అన్నీ ఆయనవే. నాకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి ఊపాను.

ఆయన చెయ్యి ఊపలేదు. మమ్మల్ని చూసిన చోటే ఆగిపోయాడు. వెనక వస్తున్నవాళ్ళు ఆయన్ని తప్పించుకుని పోతున్నారు. మేమే దగ్గరికి వెళ్ళాం. మసిలో కళ్ళు రెండే తెల్లగా ఉన్నాయి. అవి అవ్వ వైపు చూడలేదు, నా వైపే చూశాయి.

“చెప్పు బిడ్డా. ఎవలు?”

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. మా తమ్ముడు లారీ మీద నాగ్‌పూర్ దారిలో ఉన్నాడు. హుస్నాబాద్‌లో నానమ్మ మంచాన ఉంది. వాళ్ళిద్దరిలో ఎవరు పోయారని ఆయన అడుగుతున్నాడు.

ఎవలు లేరు, అందరు మంచిగున్నరు, టీవీల సూసి పరేషానై వచ్చినం అని అవ్వ గబగబా చెప్పింది. బాపు అక్కడే సిమెంటు దిమ్మె మీద కూలబడ్డాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.   ఊపిరి పీల్చుకుని, మా ఇద్దరి వైపూ చూడకుండా చెప్పాడు.

“నేను రోజు పైకి రాంగనే ముందుగాల గేటు దిక్కే సూస్త. మనోళ్ళెవలన్న ఏదన్న కబురు పట్టుకొని నిలబడ్డరా అని. లేకుంటే గప్పుడు ఊపిరి తీస్కుంట.”

అవ్వ కొంగుతో ఆయన ముఖం తుడవబోయింది. మసి ఇంకా పులుముకుంది గానీ పోలేదు.

“ఇంకోసారి గీడికి రాకుండ్రి. నేనే ఇంటికొస్త గదా” అన్నాడు బాపు.

“రాకపోతెనో?” అంది అవ్వ.

బాపు లేచి ఆటో దాకా నడిచి, మా ఇద్దరి మధ్యా కూర్చున్నాడు.