ఆ ముక్క నాదేనా?

మా బావ అల్సీడ్ పోతియె ఎవరినీ నమ్మేవాడు కాదు. రేవులో లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యలు కొనేవాడి కాటాను అసలే నమ్మడు. ఇంటి దగ్గర తూచుకుని వెళ్లి అక్కడ మళ్లీ తూయించేవాడు. పొగమంచులో ఎక్కడైనా పడవ మోత వినబడితే చాలు, ఇంజను ఆపి చెవి రిక్కించేవాడు. "వాడెవడో నా బోనులు ఎత్తుతున్నాడు బామ్మర్దీ" అనేవాడు. ఎప్పుడూ ఎవరూ ఎత్తింది లేదు. ఒక్కసారి మాత్రం నిజంగానే ఒకడు ఎత్తాడు. జన్మంతా అనుమానించడానికి అతనికి ఆ ఒక్కసారి చాలింది.

నేను క్లోవిస్‌ని. అల్సీడ్ భార్య ఒడీల్ మా అక్క. యార్మత్ పట్నం దాటాక సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల మీద ఉంటుంది మా రేవు. నవంబరు చివర లాబ్‌స్టర్లు పట్టే బోనులు సముద్రంలోకి దించితే మే నెలాఖరుదాకా సీజను. అతని పడవలో నేను ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. ఒకసారి తాడు చుట్టుకుని నేను నీళ్లలో పడితే, ఆ జనవరి చలిలో వెంటనే దూకి నన్ను పైకి లాగాడు. లాగాక అడిగిన మొదటి మాట, "ఆ తాడు అక్కడ ఎవడు పెట్టాడు?"

అతని అనుమానం అందరికంటే ఎక్కువగా తగిలింది వాళ్ల వదిన రోజలీకి. అల్సీడ్ అన్న ఎడ్మే యాభై అయిదేళ్లకే ప్రొస్టేటు క్యాన్సరుతో పోయాడు. చలికాలమంతా నడుం నొప్పి అన్నాడు. జూన్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి అది ఎముకల్లోకి పాకింది. క్రిస్మస్ చూడలేదు. అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో ఊరంతా భోజనాలకు కూర్చుని ఉండగా అల్సీడ్ లేచి నిలబడి, "మా అన్నకి నెలల తరబడి నడుముకి నూనె రాస్తూ కూర్చుంది ఈవిడ. రోగం దాచిపెట్టి చంపింది" అన్నాడు. రోజలీ ఏదో చెబుతూనే ఉంది. అతను వినలేదు. ఆ తర్వాత పదేళ్లకు పైగా ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు. చర్చిలో ఆమె కుడివైపు కూర్చుంటే ఇతను ఎడమవైపు.

అలాంటి మనిషికే అదే జబ్బు వచ్చింది. రక్తపరీక్షలో అంకె పెరిగిందని హాలిఫాక్స్‌లోని పెద్దాస్పత్రికి పంపారు. అక్కడ డాక్టర్ హైన్స్ అనే ఆవిడ సూదితో ప్రొస్టేటులోంచి ముక్కలు తీసి పరీక్ష చేయించింది. నన్నూ అక్కనూ కూడా గదిలోకి పిలిచింది.

"క్యాన్సరు ఉంది. చిన్నది. మైక్రోస్కోపులో చూస్తే నెమ్మదైనదిలాగే ఉంది. ఇలాంటివాటిని చాలామందిలో కొయ్యం, కనిపెట్టుకుని ఉంటాం. కానీ మీ అన్నగారి సంగతి విన్నాక ఆ ముక్క మీద జన్యు పరీక్ష కూడా చేయిద్దామనిపిస్తోంది."

తిరుగు ప్రయాణంలో ట్రక్కు నడుపుతూ అల్సీడ్ ఒక్కటే గొణుగుడు. "క్యాన్సరుందట, కొయ్యరట! ఎక్కడైనా విన్నావా బామ్మర్దీ? ఖర్చు తగ్గించుకోవడానికి ప్రభుత్వం పన్నిన ఎత్తు ఇది."

"మరి జన్యు పరీక్షకి ఖర్చు కాదా బావా?"

"అది ఇంకో ఎత్తు. నా జన్యువులు వాళ్ల దగ్గరుంటే రేపు చేపలశాఖవాడు వచ్చి, నీకు రోగం, లైసెన్సు ఇటివ్వు అంటాడు."

వెనక సీట్లోంచి మా అక్క, "పోనీ ఆ ముక్క పక్కనే మంచం వేసుకుని కాపలా పడుకో. నేను క్లోవిస్‌తో ఇంటికి పోతాను" అంది.

తిట్టుకుంటూనే పరీక్షకు ఒప్పుకున్నాడు. వేసవి గడిచింది. సెప్టెంబరులో మళ్లీ పిలిచారు. ఈసారి డాక్టరమ్మ ముఖం వేరుగా ఉంది.

"అల్సీడ్ గారూ, పైకి కనిపించినంత నెమ్మదైన గడ్డ కాదండీ ఇది. కణం రెండుగా చీలేటప్పుడు లోపలి జన్యువుల రాతనంతా నకలు తీసుకుంటుంది. నకల్లో తప్పులు పడితే సరిదిద్దే జన్యువులు కొన్ని ఉంటాయి. మీ గడ్డలో అలాంటిదొకటి అసలే పనిచేయడం లేదు. అందుకే క్రోమోజోములు కొన్నిచోట్ల తెగిపోయాయి, కొన్నిచోట్ల రెండింతలయ్యాయి. లోపల అంత గందరగోళం ఉన్న గడ్డ సాధారణంగా త్వరగా పాకుతుంది. ఇక చూస్తూ కూర్చోవద్దు. ఆపరేషన్ చేద్దాం."

అల్సీడ్ చేతులు కట్టుకున్నాడు. "జూన్‌లో చూద్దాం అన్నారు. సెప్టెంబరులో కోద్దాం అంటున్నారు. మధ్యలో గడ్డ మారిందా, మీరు మారారా?"

"గడ్డా మారలేదు, నేనూ మారలేదు. దాని గురించి మనకి తెలిసింది మారింది."

"ఆ ముక్క నాదేనా?"

మా అక్క తల పట్టుకుంది. డాక్టరమ్మకి మాత్రం కోపం రాలేదు. "అడగాల్సిన ప్రశ్నే. ఎటూ రక్తం తీయాలనే అనుకున్నాను. దాంతో పోల్చి చూస్తే ముక్క మీదేనో కాదో తేలుతుంది. ఈ లోపం గడ్డలోనే మొదలైందా, పుట్టుకతో వచ్చిందా అన్నదీ తేలుతుంది."

అక్టోబరులో తేలింది. ముక్క అతనిదే. లోపం పుట్టుకతో వచ్చినదే. డాక్టరమ్మ అల్సీడ్ వాళ్ల అమ్మ గురించి అడిగింది. ఆవిడ రొమ్ము క్యాన్సరుతో పోయింది. ఎడ్మే గురించి మళ్లీ అడిగింది.

"మీ అన్నగారికీ ఇదే ఉండి ఉండొచ్చు. ఉంటే ఆయన పిల్లలూ పరీక్ష చేయించుకోవాలి. మీ పిల్లలు ఎలాగూ చేయించుకోవాలి."

"ఉండొచ్చు అంటే ఎలా? ఉందా లేదా?"

"అప్పట్లో ఆయన గడ్డలోంచి తీసిన ముక్కను ఆస్పత్రిలో మైనంలో భద్రపరిచి ఉంటారు. దాన్ని పరీక్షించవచ్చు. ఆయన భార్య ఒప్పుకోవాలి."

మర్నాడు పొద్దున్నే అల్సీడ్ నా దగ్గరికొచ్చి, "నువ్వూ రా" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు.

రోజలీ పెరట్లో కట్టెలు పేరుస్తోంది. మమ్మల్ని చూడగానే వరండా మెట్లెక్కి, జాలీ తలుపు వెనక్కి వెళ్లి గొళ్లెం పెట్టుకుంది.

"వదినా" అన్నాడు అల్సీడ్.

"వదినా! ఆ మాట ఇంకా గుర్తుందే నీకు! ఏం కావాలో చెప్పు. రేవు పక్క స్థలమా? ఓరెల్ లైసెన్సా?" ఓరెల్ ఆమె కొడుకు, ముప్పై దాటినవాడు, సొంత పడవ నడుపుతున్నాడు.

"ఏదీ వద్దు. నాకు అన్నయ్య జబ్బే వచ్చింది."

ఆమె ముఖం కొంచెం కదిలింది కానీ గొళ్లెం కదల్లేదు. అల్సీడ్ నిలబడిన చోటే సంగతంతా చెప్పాడు. వాళ్ల అమ్మ, లోపం, మైనంలో ఉన్న ముక్క, అన్నీ.

"అంటే పోయిన మనిషిని మళ్లీ కోసి చూస్తావా? ఈసారి నా మీద ఏం మోపుతావు? విషం పెట్టాననా?"

"రోజలీ అక్కా, ఓరెల్ కోసం" అన్నాను నేను.

"నువ్వు మాట్లాడకు క్లోవిస్. వాడి పడవ ఎక్కినవాడివి, వాడి పాటే పాడతావు." అని ఆమె అల్సీడ్ వైపు తిరిగింది. "నీకు ఆపరేషన్ ఎప్పుడు?"

"వెంటనే అంటోంది ఆవిడ. బోనులు దించే సమయం. సీజను మధ్యలో ఎవడు పడుకుంటాడు? మే వెళ్లాక చేయించుకుంటా."

రోజలీ గొళ్లెం తీసి బయటికి వచ్చింది. గొంతు తగ్గిపోయింది. "మీ అన్న ఈ మాటే అన్నాడు. జనవరిలో మూత్రంలో రక్తం పడింది. పోదాం పదమని ఏడ్చాను. 'మే వెళ్లనీ రోజలీ' అన్నాడు. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఎందుకో తెలుసా? తెలిస్తే బోనులు సముద్రంలో వదిలేసైనా నువ్వు తనని ఒడ్డుకి ఈడ్చుకెళ్తావని."

అల్సీడ్ మెట్లెక్కి ఆమె ఎదుటికి వచ్చాడు. "ఆయన పోయాకైనా ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"హాల్లోనే చెప్పాను. నీ అరుపుల్లో ఎవడు విన్నాడు?"

అతను నా వైపు తిరిగాడు. "చెప్పిందా?"

"చెప్పింది బావా."

"నాకెందుకు గుర్తు చేయలేదురా?"

"ఆ వారమే చెప్పాను. 'నువ్వూ ఆవిడ పక్షమేనా' అని తలుపు మూసుకున్నావు."

ముక్క పరీక్షకు రోజలీ ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది. ఫలితం డాక్టరు నోటి నుంచే వింటానంది. "నీ నోటి నుంచి వింటే ఎన్ని కలుపుతావో, ఎన్ని తీసేస్తావో" అంది. అల్సీడ్ మెట్లు దిగి, ట్రక్కు ఎక్కకుండానే డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. ఆపరేషన్‌కి తొందరగా దొరికే రోజు ఇమ్మన్నాడు.

బోనులు దించే రోజున మా రేవులో పడవలన్నీ వరసగా బయలుదేరుతుంటే, అల్సీడ్ లేకుండా అతని పడవను మొదటిసారి నేను నడిపాను. అతను హాలిఫాక్స్‌లో మంచం మీద ఉన్నాడు. బోనులు దించి వచ్చాక నేనూ అక్కడికి వెళ్లాను. గడ్డ గ్రంథి గోడ దాటి కొంచెం బయటికి వచ్చిందని, మేదాకా ఆగి ఉంటే కథ వేరేగా ఉండేదని డాక్టరమ్మ చెప్పింది. "అది చూశానని మీరంటున్నారు. నేను చూశానా?" అన్నాడు అల్సీడ్. అన్నాడే కానీ ఆ మాటలో పాత పదును లేదు.

అతను ఇంకా అక్కడ ఉండగానే ఎడ్మే ఫలితం వచ్చింది. రోజలీ, ఓరెల్ కూడా వచ్చారు. ఎడ్మేలోనూ అదే లోపం. క్రోమోజోములు ఇంకా ఎక్కువ ఛిద్రమయ్యాయి. డాక్టరమ్మ చెప్పడం ముగించగానే రోజలీ అడిగింది.

"జనవరిలో నేను లాక్కొచ్చి ఉంటే బతికేవాడా?"

డాక్టరమ్మ తొందరపడలేదు. "కొంతకాలం ఎక్కువ ఉండేవారేమో. బతికేవారని మాత్రం చెప్పలేను. ఆ గడ్డ ఎంత వేగంగా పరుగెత్తేదో ఈ ముక్కలో కనిపిస్తోంది. జనవరికే ఎముకల్లోకి చేరి ఉండొచ్చు. దాన్ని వేగంగా నడిపింది మీరు కాదమ్మా."

రోజలీ చేతిరుమాలు తీసి, కళ్లకు కాదు, ముక్కుకు అద్దుకుంది. మంచం మీద నుంచి అల్సీడ్ అన్నాడు, "వదినా, నేను నిన్ను అనరాని మాట అన్నాను."

"హాల్లో అన్నావు, ఊరందరి ముందు. ఇక్కడ మనమే ఉన్నాం" అని ఆమె కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

ఫిబ్రవరిలో చర్చి హాల్లో విందు జరిగింది. బల్లల నిండా తురిమిన బంగాళాదుంపల్లో కోడిమాంసం పెట్టి కాల్చిన రాప్యూర్ పళ్లేలు పొగలు కక్కుతున్నాయి. అల్సీడ్ లేచి నిలబడ్డాడు. ఆపరేషన్ తర్వాత చిక్కిపోయాడు, చొక్కా వదులుగా వేలాడుతోంది. అతను లేవగానే హాలు సద్దుమణిగింది. ఎవరి మీద పడతాడోనని అందరి భయం.

"మా అన్నని రోజలీ చంపలేదు" అన్నాడు. "మా అన్నే నాకు చెప్పొద్దన్నాడు. రోగం మా అమ్మ నుంచి మా ఇద్దరికీ వచ్చింది. వదిన నిజమే చెప్పింది, నేనే వినలేదు."

నా పక్కన కూర్చున్న ముసలాయన నా చెవిలో, "ఏం కావాలట వీడికి ఆవిడ దగ్గర?" అని గుసగుసలాడాడు. ఊరికి కూడా అల్సీడ్ గుణం అంటుకుంది మరి. రోజలీ తల ఎత్తలేదు. పక్క కుర్చీ మీద పెట్టుకున్న తన కోటు తీసి ఒళ్లో పెట్టుకుంది. అల్సీడ్ ఆ కుర్చీని కాసేపు చూశాడు. తర్వాత తన పళ్లెం పట్టుకుని వెళ్లి అందులో కూర్చున్నాడు. ఇద్దరూ పక్కపక్కనే తిన్నారు.

ఆ వసంతంలో అతనికి రేడియేషన్ ఇచ్చారు. తర్వాత మందులు. ఇప్పటికి నాలుగో ఏడు. రక్తపరీక్షలో ఆ అంకె మళ్లీ పెరగలేదు. అల్సీడ్ ఒక్కగానొక్క కూతురికి ఆ లోపం లేదని తేలింది. ఓరెల్‌కి ఉంది. అతను ఏడాదికోసారి హాలిఫాక్స్ వెళ్లి చూపించుకుంటాడు, ఇప్పటిదాకా ఏమీ లేదు. అతనితో పాటు ఇద్దరు వెళ్తారు. డాక్టరమ్మ గదిలో అల్సీడ్ ఒకవైపు, రోజలీ ఒకవైపు కూర్చుని ఓరెల్‌ని నోరెత్తనివ్వరు. అడగాల్సినవన్నీ వాళ్లిద్దరే అడుగుతారు.