చంద్రుడి దాకా పోయి నిమ్మరసంలో పడ్డాను

నిరాహార దీక్షను భగ్నం చేయడమంటే మాటలు కాదు. అందుకు పోలీసులు కావాలి, వ్యాన్లు కావాలి, తెల్లారకముందే లేవాలి. ఇవేవీ లేకుండా, పట్టపగలు, మైకు పట్టుకుని "జై తెలంగాణ" అంటూనే మా పాలకుర్తి దీక్షా శిబిరాన్ని ముంచినవాణ్ణి నేను. ఎలాగంటారా? చెప్తాను. ముందు మంచినీళ్లు తాగి కూర్చోండి. నీళ్లే సుమా, ఇంకేదీ వద్దు.

మలివిడత ఉద్యమం ఊపుమీదున్న రోజులవి. మా చౌరస్తాలో టెంటు వేసి, జంపఖానా పరిచి, రిలే దీక్షలు పెట్టాం. రోజుకొకరి వంతు. ఒకనాడు ఆటోవాళ్లు, ఒకనాడు టైలర్లు, ఒకనాడు పత్తి రైతులు. పొద్దున పూలదండలు వేయించుకుని కూర్చుంటారు, మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టరు, సాయంత్రం ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి నిమ్మరసం తాగిస్తే లేస్తారు. ఆ నిమ్మరసం తాగితేనే దీక్ష పూర్తయినట్టు. పెళ్లికి తాళి ఎలాగో, మా దీక్షకు నిమ్మరసం అలాగ.

నాకప్పటికి డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. గ్రూప్స్ పరీక్షల కోసం బట్టీపట్టిన జనరల్ నాలెడ్జి మాత్రం గొంతుదాకా ఉంది. ఏ సంవత్సరం పేరెత్తినా ఆ యేడు ప్రపంచంలో ఏ మూల ఏం జరిగిందో గడగడా చెప్పగలను. ఎవరూ అడిగేవారు కాదు, అది వేరే సంగతి. అందులోనూ 1969 అంటే నాకు ప్రాణం. మన తొలి ఉద్యమం రాజుకున్నదీ ఆ యేడే, మనిషి చంద్రుడి మీద దిగిందీ ఆ యేడే. ఈ రెంటినీ ముడేసి మాట్లాడితే జనం నన్ను భుజాల మీద మోసుకుపోతారని గట్టి నమ్మకం.

శిబిరం కన్వీనర్ యాదగిరన్న చుట్టూ నెలరోజులు తిరిగితే చివరికి కరిగాడు.

"తమ్మీ సోమేశూ, రేపు తండావాళ్ల వంతు. పొద్దుగూకే యాళ్లకు భూపాలపల్లి పెద్దాయన జనగామ మీదికెల్లి వస్తుండు. బొగ్గుబాయిల పనిచేసినాయన, అరవై తొమ్మిదిల జైలుకు పోయొచ్చినాయన. ఆయన ముందట మాట్లాడు. మంచిగ మాట్లాడినవనుకో, జనగామ సభల నీకు మైకు ఇప్పిస్త."

జనగామ సభ! ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

తెల్లారితే బంద్ కూడా. దుకాణాలు మూయించే పని నేనే మీదేసుకున్నాను. అన్నీ మూతపడ్డాయి గానీ కిరాణా రాజలింగం సేటు మాత్రం షటర్ సగం లేపి, గడప మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నాలోని వక్త నిద్రలేచాడు.

"సేటూ, ఉద్యమం కంటె నీ ఉప్పు పప్పు ఎక్కువనా?"

"మూస్తున్న తమ్మీ, జర ఆగు. గిరాకీ ఎవలన్న ఆపతిల వస్తరేమో అని..."

"ఆపతి లేదు గీపతి లేదు. ఎవడొచ్చి మొత్తుకున్నా తెరువొద్దు. ఆఖరికి నేనొచ్చి కాళ్లు మొక్కినా తెరువొద్దు!"

సేటు నా ముఖంలోకి ఒకసారి చూసి, షటర్ గరగరా కిందికి లాగాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. పాఠకమహాశయులారా, ఆ చివరి మాట జ్ఞాపకం పెట్టుకోండి. సేటు పెట్టుకున్నాడు.

దేవరుప్పుల తోవలోని తండా నుంచి ఆడవాళ్లు ట్రాక్టరులో దిగారు. వాళ్లకు పెద్ద సక్కుబాయవ్వ. చేతులనిండా గాజులు, అద్దాల రవికె, అరవైకి దగ్గరపడిన వయసులోనూ నిటారుగా నడక. వాళ్లను వరుసగా కూర్చోబెట్టి, కార్యకర్త హోదాలో నాలుగు సూత్రాలు బోధించాను.

"అవ్వా, పేపరోళ్లు ఫోటోలు తీస్తరు. ఎదురుంగ సూడాలె. అటిటు దిక్కులు సూడొద్దు. నడుమల లేవొద్దు. ఉపన్యాసం నడిచేటప్పుడు ఒక్కలు గూడ మాట్లాడొద్దు."

"ఏమైనా గూడనా బిడ్డా?" అంది సక్కుబాయవ్వ.

"ఏమైనా గూడ."

సాయంత్రమైంది. యాదగిరన్న నా చెవిలో, "పెద్దాయన జనగామల బయలెల్లిండట. నేను తొవ్వకు ఎదురువోత. ఆయన వచ్చేదాక మైకు ఇడువకు" అని చెప్పి వెళ్లాడు. ఆకలితో ఉన్నవాడికి అన్నం కుండ అప్పజెప్పినట్టయింది నాకు.

"మిత్రులారా! పందొమ్మిది వందల అరవై తొమ్మిది!" అని మొదలుపెట్టాను. చంద్రుడి మీద మనిషిని దింపాను. చప్పట్లు! అదే నెలలో మన దేశంలో బ్యాంకులు జాతీయమయ్యాయన్నాను. చప్పట్లు! మధ్య అమెరికాలో రెండు దేశాలు ఫుట్‌బాల్ ఆట దగ్గర రేగిన గొడవతో ఏకంగా యుద్ధానికే దిగాయన్నాను. ఈలలు! అంతవరకు బాగానే ఉంది. పెద్దాయన వాహనం మాత్రం రాదు. ఎందుకు రాదంటే, దేవరుప్పుల దగ్గర మావాళ్లే రాస్తారోకో చేస్తున్నారు. తెలంగాణ కోసం జైలుకు పోయొచ్చిన మనిషిని తెలంగాణ కోసమే రోడ్డు మీద ఆపారు.

నేను ఆగకూడదు కదా! లిబియాలో రాజును దించాను. ఫ్రాన్సులో అధ్యక్షుడి చేత రాజీనామా చేయించాను. గొంతు ఎండిపోయింది. చేయి పక్కకు చాస్తే బల్లమీద స్టీలు గ్లాసులు వరుసగా ఉన్నాయి. ఒకటెత్తి తాగాను. ఆహా! తియ్యగా, పుల్లగా, కొసకు కాస్త ఉప్పు. "యాదగిరన్నకు నా గొంతు మీద ఎంత ప్రేమ!" అనుకున్నాను.

మామూలు రోజుల్లో నిమ్మరసం ఆఖరి నిమిషంలో హోటల్ నుంచి వచ్చేది. ఆనాడు హోటలూ బంద్ కాబట్టి యాదగిరన్న భార్య ఇంట్లో ఉన్న కాయలన్నీ పిండి ముందే పంపించింది. అది వచ్చిన వేళకు నేను సేటుకు ఉద్యమం నేర్పుతున్నాను.

ఇక చూసుకోండి. వియత్నాంకు ఒక గ్లాసు. ఐర్లాండుకు ఒక గ్లాసు. శబ్దం కంటే వేగంగా పోయే కొత్త ప్రయాణికుల విమానం తొలిసారి ఎగిరిందని చెప్పి, అంతకంటే వేగంగా ఇంకొకటి. తండా ఆడవాళ్లు వాళ్ల భాషలో ఏదో గుసగుసలాడుకుని, కొంగులు నోటికడ్డం పెట్టుకుని ఊగిపోతున్నారు. ప్రపంచ చరిత్ర వాళ్ల గుండెలను కదిలిస్తోందని నేను ఇంకా ఉప్పొంగిపోయాను.

వెనకనుంచి ఒక ఆటో డ్రైవర్ అరిచాడు. "అన్నా! గా చంద్రుని మీదికి పోయినోళ్లన్న దిగిన్రు. నువ్వెప్పుడు దిగుతవే?"

అప్పుడే హారన్ మోగింది. పెద్దాయన వచ్చేశాడు! డప్పులు, నినాదాలు, కెమెరాలు. తెల్లటి మీసాలాయన టెంటులోకి వచ్చి, అందరికీ దండం పెట్టి, బల్ల దగ్గరికి నడిచి, ఒక గ్లాసు ఎత్తాడు. చూశాడు. ఇంకొకటి ఎత్తాడు. బోర్లించాడు. ఒక్క బొట్టు రాలలేదు.

"యాదగిరీ, ఖాళీ గ్లాసులతోటి ఎట్ల ఇడిపిస్తరయా దీక్ష?"

యాదగిరన్న గ్లాసులను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. సరిగ్గా అప్పుడే, మైకు నోటి దగ్గరే ఉండగా, నాకు తేన్పు వచ్చింది. చౌరస్తా నలుమూలలా వినిపించింది. ఇక సాక్షులతో పనేముంది?

"అవ్వా, సూసుకుంట ఎట్ల ఊకున్నవే?" అన్నాడు యాదగిరన్న సక్కుబాయవ్వతో.

"మాట్లాడొద్దన్నడు గద నాయినా. ఏమైనా గూడ మాట్లాడొద్దన్నడు. ఈ పిలగాని కడుపుల బోరింగ్ ఉన్నదా ఏంది, గుంజుతనే ఉన్నడని మాలో మేమే అనుకున్నం."

"పోనీ, నీళ్లు తాగి లేవున్రి అవ్వా," అన్నాను పీలగా.

"నీళ్లు పొద్దటి సంది తాగుతనే ఉన్నం. నిమ్మరసం లేకుంట లేస్తే ఆకలికి ఓర్వక లేసిన్రంటరు. మా తండా ఇజ్జత్ పోతది. మేం లేవం!"

ఆవిడ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పొద్దున్నుంచి పస్తున్న మనిషి. అప్పటిదాకా గాల్లో తేలుతున్నవాణ్ణి నేలమీద పడ్డాను. సిగ్గుతో పరుగెత్తాను. ఎక్కడికి? ఇంకెక్కడికి, రాజలింగం సేటు షటర్ దగ్గరికే. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను దింపించిన షటర్ ముందు నేనే మోకరిల్లాను.

"సేటూ! జర తెరువు. నిమ్మకాయలు కావాలె!"

"బంద్ తమ్మీ," అంది లోపలినుంచి గొంతు.

"సేటూ, నేను సోమేశ్‌ను!"

"ఎరికే. నువ్వొచ్చినా తెరువొద్దన్నవు."

"నీ కాళ్లు మొక్కుత సేటూ!"

"గది గూడ పొద్దుగాలనే చెప్పినవు. మాట మాటే."

గుమ్మం పైన దిష్టికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ ఊగుతోంది. దానివైపు చేయి లేచిందని ఒప్పుకుంటున్నాను. లోపలినుంచి చూస్తున్నట్టే కేక వచ్చింది. "దిష్టికాయ ముట్టినవనుకో, తెలంగాణ వచ్చినా నీ దరిద్రం పోదు!" చేయి జేబులో పెట్టుకున్నాను.

కాసేపటికి సేటు మనసు కరిగిందో, నవ్వి నవ్వి అలసిపోయాడో గాని, మెల్లగా అన్నాడు. "దుకాణం బంద్ గని, ఇల్లు బంద్ గాదు. ఎన్క దర్వాజకు రా."

వెనక వాకిట్లో సేటు భార్య అప్పటికే కాయలు కోస్తోంది. పొట్టచెక్కలయ్యేలా నవ్వుతోంది. సేటు బిందె భుజానికెత్తుకుని తానే శిబిరానికి నడిచాడు. పెద్దాయన మొదటి గ్లాసు అతని చేతికే ఇచ్చి, "నువ్వే తాగియ్యి సేటూ" అన్నాడు. సేటు ఇస్తే సక్కుబాయవ్వ తాగింది. డప్పులు దద్దరిల్లాయి. నేను టెంటు గుంజ వెనక దాక్కున్నాను.

"సోమేశూ, ఇటు రా" అని పిలిచింది సక్కుబాయవ్వ. వెళ్లాను.

"గా యేడు లోకంల అన్నీ చెప్పినవు బిడ్డా, ఒక్కటి మర్సినవు. మనిషి చంద్రుని మీద కాలు పెట్టిన యేడే నేను అత్తగారింట్ల కాలు పెట్టిన. గాళ్లు మల్ల ఎల్లిపోయిన్రు. నేను ఇంక ఈడనే ఉన్న."

టెంటంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను చంద్రమండలం గెలిచి పాలకుర్తి చౌరస్తాలో ఓడిపోయాను.

ఇక జనగామ సభ ఊసెత్తే ధైర్యం లేక తలొంచుకున్నాను. పెద్దాయనే మీసం సవరించుకుంటూ, "వీనికి ఏం శిక్ష ఏద్దమవ్వా?" అన్నాడు.

సక్కుబాయవ్వ ఆలోచించనైనా ఆలోచించలేదు. "శిక్ష ఎందుకు నాయినా? మేం దీక్ష చేసి రసం తాగినం. ఈడు రసం తాగిండు, దీక్ష మిగిలే ఉన్నది. రేపు కూసోవెట్టున్రి!"

కూర్చున్నాను. ఒక్కణ్ణే, దండ వేసుకుని, ఎదురుగా చూస్తూ, నోరు మూసుకుని. సాయంత్రం నాకు రసం తాగించడానికి సక్కుబాయవ్వ తండా నుంచి పనిగట్టుకుని వచ్చింది. గ్లాసు నా పెదాల దాకా తెచ్చి ఆపింది.

"ఊఁ, చెప్పు బిడ్డా. గా యేడు ఏమేమైంది? దేశానికొక్క గుటక."

జనగామ సభలో నాకు పని దొరికింది లెండి. మైకు కాదు, జనానికి మంచినీళ్లు పోసే పని. అందుకే ఆ యేడు మనిషి కాలు పెట్టిన చంద్రుడి సాక్షిగా, రాజలింగం సేటు దిష్టి నిమ్మకాయ సాక్షిగా ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను. ఏ వేదికమీదైనా సరే, బల్లమీదున్న గ్లాసు ఎవరిదో ముందు వరుసను అడక్కుండా ముట్టను. ఇక 1969 గురించి ఎవరు మాట్లాడమన్నా, ముందుగా సక్కుబాయవ్వ అత్తవారింట కాలు పెట్టిన సంగతి చెప్పి, ఆ తర్వాతే చంద్రుడి దగ్గరికి పోతాను.