దిండు కింది మాత్రలు

మా అక్కది ఇస్త్రీ పని. పెళ్లయినప్పటి నుంచి ఆ బల్ల దగ్గర నిలబడే బతికింది. కూర్చుని చేస్తే కుదిరే పని కాదది. ఒంటి బరువంతా చేతిలోకి దిగితేనే బట్ట మాట వింటుంది. నిలబడీ నిలబడీ చివరికి కుడి తుంటి అరిగిపోయింది. అయినా కాలీడ్చుకుంటూ చేసిందే తప్ప మానలేదు.

ఇక మా బావ సంగతి. నడుమూ మెడా మోకాళ్లూ వంతులేసుకుని మరీ ఆయనకు నొప్పెట్టేవి, అదీ పని ఎక్కువున్న రోజున. ఇంట్లోకి ఏ మాత్ర వచ్చినా ముందు ఆయన నోట్లోకే. అక్కకు తలనొప్పి వస్తే తడిగుడ్డ చాలు! బావ మహారాజు మరి.

తుంటి మార్పిడికి అక్క ఒప్పుకున్నది ఒకే ఒక్క ఆశతో. "మళ్లీ బల్ల దగ్గర నిలబడతానా?" అని ఆసుపత్రిలో కనబడిన ప్రతివాళ్లనీ అడిగింది, ఆఖరికి నేల తుడిచే ఆమెని కూడా.

మత్తు డాక్టరమ్మ చిన్న పిల్లే కానీ ఓపిగ్గా చెప్పింది. "తొడ మొదట్లో, నరాల పక్కన సూది వేస్తామమ్మా. రేపు మధ్యాహ్నం దాకా నొప్పి పెద్దగా తెలీదు. తర్వాత ఆ మందు దిగిపోతుంది. అది దిగేలోపే మాత్రలు పని మొదలుపెట్టాలి. నొప్పి లేదు కదా అని మానొద్దు, సరేనా?"

అక్క బుద్ధిగా తలూపింది. తలూపడంలో మా అక్కని మించినవాళ్లు లేరు.

ఆపరేషనైన మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి నవ్వుతోంది. "నొప్పి లేదే! నా కాలేనా ఇది?" అంది. ఆ ముఖం చూసి ఎన్నేళ్లయిందో, నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం నిలబెడతానని, ఆపరేషనైన వాళ్లని నడిపించే ఆసుపత్రి అబ్బాయి చెప్పి వెళ్లాడు. నర్సు మాత్రలు తెచ్చి ఇచ్చినప్పుడల్లా అక్క "వేసుకున్నానమ్మా" అంటూనే ఉంది.

సాయంత్రానికి మందు దిగిపోయింది. అక్క కేకలకు పక్క గదుల వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. "మాత్రలన్నీ పడ్డాయిగా, మళ్లీ వెంటనే ఇవ్వకూడదు. డాక్టరుగారిని అడిగొస్తా" అని నర్సు పరుగెత్తింది. అంత గోలలోనూ బావ కుర్చీలో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

దిండు సర్దబోతే కింద కాగితం పొట్లం దొరికింది. అందులో ఒక్క మాత్ర మిగిలింది.

"మిగతావేవే?" అన్నాను.

"అప్పుడు నాకు నొప్పి లేదుగా... కుర్చీలో కూర్చుని ఆయనకి నడుం పట్టేసిందట. నర్సుకి చెప్పకే, ఆయన్ని తిడుతుంది."

చెప్పకుండా ఎలా ఉంటాను? వార్డు మొత్తానికీ వినబడేలా చెప్పాను. అప్పుడు సూది వేశారు. కానీ రాజుకున్న నొప్పి అంత తొందరగా అణుగుతుందా? ఆ రోజు నిలబడడం కుదరలేదు. మర్నాడు నిలబెట్టబోతే పాదం నేలకి తగలకముందే గజగజా వణికిపోయింది. ఆ భయం కాల్లోనే ఉండిపోయింది. కీలు బంగారంలా ఉందని ఇప్పటికీ డాక్టర్లు అంటారు. అక్క మాత్రం చేతికర్ర పట్టుకుని మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి. అంతే నడక.

"ఆపరేషన్ పాడుచేశారండీ వెధవలు" అని వచ్చిన ప్రతివాళ్లకీ బావ చెబుతాడు. నేను నోరు తెరిస్తే అక్క కళ్లతోనే ఆపేస్తుంది.

మొన్న వెళ్లేసరికి ఇస్త్రీ బల్ల గోడవారకు జరిపి ఉంది. దాని మీద దుప్పటి, దుప్పటి మీద బావ. మెత్తటి పరుపు నడుముకి పడటం లేదట.

"అక్కా, నీ బల్లే అది!" అని అరిచాను.

"మెల్లిగా మాట్లాడవే, ఇప్పుడే కన్నంటుకుంది ఆయనకి" అంది.