మ్యాచ్‌కి ఇంకా గంట ఉంది

మా పక్కింటి అంకుల్ పోయారన్న సంగతి నాకు లిఫ్టులో తెలిసింది. ఆఫీసు నుంచి వచ్చి ఎక్కేసరికి, మా అంతస్తులోనే చివరి ఫ్లాట్‌లో ఉండే చైనీస్ ఆంటీ కూరగాయల సంచితో లోపల ఉంది. నన్ను చూసి బటన్ నొక్కబోయిన చెయ్యి దించేసి, "యువర్ అంకుల్ గాన్ ఆల్రెడీ లా. దిస్ మార్నింగ్, ఇన్ హాస్పిటల్," అంది. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళందరూ అంకుల్సే, ఆంటీలే. కానీ ఆవిడ 'యువర్' అంది. ఆయన నాకు బంధువు కాదని చెప్పబుద్ధి కాలేదు. ఆదివారాలు నేను ఆ ఇంట్లోకి వెళ్ళడం, రావడం ఇన్నేళ్ళుగా చూస్తూ మేనమామా మేనకోడలూ అనుకుని ఉంటుంది. లిఫ్టు తలుపులు మూసుకుని, ఎక్కడికీ కదలక, మళ్ళీ తెరుచుకున్నాయి. చివరికి ఆవిడే బటన్ నొక్కింది.

ఇది చదువుతున్న మీకు ఆయన తెలిసే అవకాశం లేదు. పేపర్లో ఫొటో వేయించేంత బలగం ఆయనకు లేదు. పెళ్ళి చేసుకోలేదు. మలేషియాలోని జోహోర్ నుంచి చెల్లెలు వచ్చి జరగవలసినవన్నీ జరిపించి వెళ్ళింది. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పుకోవడానికి నాకు ఎదురుగా ఎవరూ లేక, మీకు చెబుతున్నాను.

నేను సింగపూర్ వచ్చిన రోజుల్లో ఐటీ ఉద్యోగాలు మంచి ఊపుమీద ఉన్నాయి. చాంగీ బిజినెస్ పార్క్‌లో మధ్యాహ్నం తిండికి దిగితే ఏ టేబుల్ దగ్గర విన్నా తెలుగే, ఎవరు ఏ బ్యాంకుకు మారారన్న ముచ్చటే. మేం నలుగురు అమ్మాయిలం కలిసి జురాంగ్ ఈస్ట్‌లో ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం. ద్వీపానికి ఈ కొసన ఇల్లు, ఆ కొసన ఆఫీసు. అద్దె తక్కువ, పైగా నలుగురం ఉన్నాం కదా అని ఆ దూరం లెక్కచెయ్యలేదు. తర్వాత ఒకమ్మాయి సిడ్నీ వెళ్ళింది. ఒకమ్మాయి టొరంటో వెళ్ళింది. మూడో అమ్మాయి ఆఫీసుకు దగ్గరగా అటువైపు ఇల్లు చూసుకుంది. నేను మిగిలాను. వంటింట్లో నాలుగు గరిటెలు, నాలుగు రకాల పచ్చడి సీసాలు ఉండిపోయాయి. ఆదివారం వస్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా గొంతు నాకే వినపడేది కాదు.

పక్కనే ఏడాదిగా ఉంటున్నా అంకుల్ తెలుగువారని నాకు తెలియదు. లిఫ్టులో ఇంగ్లీషులో పలకరించుకునేవాళ్ళం. ఆయన తమిళాయన అని నేను, నేను తమిళమ్మాయినని ఆయన. ఒక ఆదివారం కారిడార్లో కొత్తిమీర కుండీకి నీళ్ళు పోస్తుంటే ఆయన ఇనుప గేటులోంచి పెద్ద కేక వినిపించింది.

"పరిగెట్టరా నాయనా, పరిగెట్టు! ఎనక్కి సూడకు!"

గేటు దగ్గరికి వెళ్ళి, "అంకుల్, మీరు తెలుగోళ్ళా?" అని అడిగాను.

ఆయన టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు. "కొంజెం ఉండమ్మా, ఇంక నాలుగు గజాలే," అన్నారు.

ఆ నాలుగు గజాలూ దాటలేకపోయారు టీవీలో ఆయన జట్టు కుర్రాళ్ళు. అప్పుడు లేచివచ్చి గేటు తీశారు. ఆయన తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి ఇక్కడి ఓడరేవు పనికి వచ్చారట. ఆ యాస ఆయన నోట్లో అలాగే ఉంది, దానికి తమిళం, మలయ్ తోడయ్యాయి. "ఏటమ్మా, మకాన్ అయిందా?" అంటే తిన్నావా అని. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు పోయాక ఆయనకు తెలుగు బయటికి వచ్చేది టీవీని తిట్టేటప్పుడు మాత్రమేనట. ఆ రోజు నేను తినలేదని తెలిసి, కింద కొట్లోంచి తెచ్చుకున్న పరోటాలో సగం నా ముందు పెట్టారు.

ఆ ఆట అమెరికా కాలేజీల ఫుట్‌బాల్. పేరుకి ఫుట్‌బాలే గాని బంతిని తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకుంటూ పరిగెత్తేది ఎక్కువ. అంకుల్ అమెరికా పడమటి వైపు గోధుమపొలాల మధ్య ఉన్న ఒక చిన్న ఊరి కాలేజీలో చదివారు. అక్కడ శనివారం రాత్రి ఆడే ఆట మాకు ఆదివారం పదిన్నరకు వస్తుంది. కంప్యూటర్‌ని టీవీకి తగిలించి చూసేవారు. చెమటలు కారే ఈ ఊళ్ళో, ఫ్యాన్ కింద, ఆ కాలేజీ పేరున్న మందపాటి ఉన్ని చొక్కా వేసుకుని మరీ. పేరున్న కాలేజీ చొక్కా వేసుకుంటే రైల్లో ఎవరో ఒకరు పలకరిస్తారు. ఈ చొక్కా చూసి ఇన్నేళ్ళలో ఒక్కరూ పలకరించలేదని నవ్వుతూ చెప్పేవారు.

ఇక్కడ హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాల్లో, కుర్చీ పట్టుకోవాలంటే దాని మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తారు. చోప్ చెయ్యడం అంటారు దాన్ని. ఎంత రద్దీ ఉన్నా ఆ కుర్చీ జోలికి ఎవరూ పోరు. అంకుల్ ఇంట్లో ఉన్నవే రెండు కుర్చీలు. నేను ఉప్మా గిన్నెతో వెళ్ళేసరికి రెండో కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ ఉండేది.

"ఎవరొస్తారని అంకుల్ ఇంత జాగ్రత్త?" అని ఏడిపించేదాన్ని.

"నీకేటి తెలుసు, ఆదివారం రష్షు," అనేవారు.

ఆ కాలేజీ మీద అంత ప్రేమ ఎందుకో ఒకసారి చెప్పారు. వెళ్ళిన కొత్తలో ఆ ఊళ్ళో ఆయనతో క్లాసు సంగతులు తప్ప మాట్లాడినవాళ్ళు లేరట. ఒక శనివారం ఊరంతా స్టేడియం వైపు నడుస్తుంటే ఆయనా నడిచారు. ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు. ఉన్నట్టుండి జనం లేచారు, పక్క సీట్లో ఉన్న ముసలావిడ ఆయన్ని గట్టిగా కావలించుకుని, వీపు చరిచి, మళ్ళీ కూర్చుంది. "ఇల్లు ఒదిలేక నన్ను ముట్టుకున్న మొదటి మనిషమ్మా ఆవిడ. పేరడగలేదు. ఆ సీటుకి మళ్ళీ ఎల్లేను, ఆవిడ రాలేదు," అన్నారు. కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళారు. నేను ఇంకా పెట్టని టీవీ వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆయనకు ఒక పొరపాటు ఉండేది. నవంబరులో అమెరికావాళ్ళు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు. మా గడియారాలు ఏడాదంతా ఒకటే తీరు. అందుకని తిప్పిన తరువాతి ఆదివారం ఆట మాకు గంట ఆలస్యంగా మొదలవ్వాలి. అంకుల్ అది మరిచిపోయి ఎప్పటిలాగే గేటు కొట్టి పిలిచేవారు. కూర్చున్నాక నుదురు కొట్టుకునేవారు. "అయ్యో, టైం మార్చేరు కదమ్మా. ఇంకా గంటుంది!" ఆ గంటలో టీవీ ఉండదు, ఆట ఉండదు. పంచదార లేని కోపీ, అదే ఇక్కడి కాఫీ, తాగుతూ ఊరికే మాట్లాడుకునేవాళ్ళం. మా అమ్మ మోకాళ్ళ నొప్పి గురించి అడిగేవారు. మా అనంతపురంలో ఎండ ఎలా ఉంటుందో చెప్పించుకునేవారు. ముసలావిడ సంగతి విన్నది కూడా అలాంటి గంటలోనే. మరుసటేడు మళ్ళీ మరిచిపోయారు. ఆ పై ఏడు కూడా.

రిటైరయ్యే దాకా ఆయన పని తంజోంగ్ పగార్‌లో ఒక ఆఫీసులో, పేర్లకు విలువ కట్టడం. ఎవరైనా బిస్కెట్ల కంపెనీ కొంటుంటే ఫ్యాక్టరీ సంగతి వేరేవాళ్ళు చూస్తారు, డబ్బా మీది పేరు ఎంత చేస్తుందో ఈయన చెప్పాలి. అలాంటి మనిషికి, తాను ప్రేమించిన పేరు ఏమీ చెయ్యదని తెలుసుకునే రోజు వచ్చింది.

అక్కడ ఇరుగుపొరుగు రాష్ట్రాల కాలేజీలు కలిసి ఒక కూటమి కట్టుకుని, ఏటా తమలో తాము ఆడుకుంటాయి. దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. ఆట చూపించినందుకు టీవీవాళ్ళు కూటమికి డబ్బిస్తారు. పెద్ద పేరున్న కాలేజీలకు ఈ పంపకం నచ్చలేదు. ఎన్నికల ముందు మన పార్టీలు కూటములు మార్చినట్టు, ఒక్కొక్కటే ఎక్కువ ముట్టే కూటమిలోకి దూకాయి. పొరుగూరు ఎవరు, తరాల పోటీ ఎవరితో అన్నది ఎవరికీ పట్టలేదు. అంకుల్ ఫోన్లో వార్తలు చూసి ప్రతి వారం నాకు చెప్పేవారు, ఈ వారం ఎవరు పోయారో. నేను మా ఆఫీసులో ఎవరు పోయారో చెప్పేదాన్ని.

"మీ ఫ్లాటుదీ మా కాన్ఫరెన్సుదీ ఒకటే కథమ్మా," అన్నారొకసారి.

చివరికి ఆయన కాలేజీ, ఇంకా ఒకరిద్దరు మిగిలారు. పెద్ద కూటమి ఏదైనా పిలుస్తుందని ఆశపడ్డారు. పిలవకపోతే ఆటలు ఏ చిన్న చానెల్‌కో పోతాయి, అక్కడి పట్టపగలుకు మారతాయి, అంటే మాకు అర్ధరాత్రి. ఆదివారం పదిన్నర పోతుంది. నన్ను పిలవడానికి ఆయనకు ఉన్న కారణం కూడా పోతుంది. ఇది మేం పైకి అనుకోలేదు గాని ఇద్దరికీ తెలుసు. అటువైపు వెళ్ళిన పాత స్నేహితురాలు తన పక్క ఫ్లాట్ ఖాళీగా ఉందని, రోజూ రైల్లో ఈ చావేమిటని పోరుతుండేది. అద్దె ఎక్కువ అని చెప్పి తప్పించుకున్నాను. ఈ ఊళ్ళో ఆదివారం పూట నేను వెళ్ళి తట్టగలిగిన తలుపు ఒక్కటే ఉండేది. అది ఆయనది.

"మీరు ఇన్నేళ్ళు ఇదే పని చేసినారు కదా అంకుల్. నిజం చెప్పల్ల, మీ కాలేజీని ఎవరన్నా తీసుకుంటారా?" అని ఒకసారి అడిగాను.

"నేనే ఆ కుర్చీలో ఉంటే తీసుకోనమ్మా," అన్నారు. "పేరుకి విలువంటే సూసే కళ్ళు ఎన్ననే. ఎలాగ సూస్తన్నారని ఎవడూ అడగడు. మనిద్దరం ఎవడి లెక్కలో ఉన్నాం, సెప్పు?"

ఎవరూ పిలవలేదు. ఆ కూటమిలో ఆఖరి ఆట రోజు ఆయన కేకలు వెయ్యలేదు. జట్టు గెలిచింది. ఆయన నా వైపు తిరిగి, కావలించుకోవడానికి మొహమాటపడ్డట్టున్నారు, నా వీపు మీద ఒక్క చరుపు చరిచి కూర్చున్నారు.

మళ్ళీ సీజను మొదలైన ఆదివారం పదిన్నర దాటినా గేటు చప్పుడు కాలేదు. నేనే ఉప్మా పట్టుకుని వెళ్ళాను. అంకుల్ ఉన్ని చొక్కా వేసుకోకుండా మామూలు బనీనుతో కూర్చుని ఉన్నారు. టీవీ నల్లగా ఉంది. రెండో కుర్చీ మీద మాత్రం టిష్యూ ప్యాకెట్ ఉంది.

"ఇయ్యాల మ్యాచ్ లేదు కదమ్మా," అన్నారు.

"పాతది ఏదన్నా పెట్టండి అంకుల్. నాకు ఎవరు గెల్చినారో గుర్తులేదు."

గుర్తుంది. ఆయనకూ గుర్తుందని నాకు తెలుసు. లోపలికి వెళ్ళి చొక్కా వేసుకుని వచ్చి, దాచుకున్న ఆటల్లోంచి ఒకటి పెట్టారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం పాత ఆటే. బంతి జారిపోతుందని ముందే తెలిసిన చోట కూడా "గట్టిగా పట్టుకోరా!" అని అరిచేవారు. అది ప్రతిసారీ జారిపోయేది.

నవంబరు వచ్చింది. ఒక ఆదివారం ఎప్పటిలాగే గేటు కొట్టారు. వెళ్ళి కూర్చున్నాను. ఆయన నుదురు కొట్టుకున్నారు.

"అయ్యో, టైం మార్చేరు కదమ్మా. ఇంకా గంటుంది."

కంప్యూటర్‌లో దాచిపెట్టిన ఆటకు అమెరికా గడియారంతో పనేముంది? ఎప్పుడు నొక్కితే అప్పుడు మొదలవుతుంది. నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన కోపీ కప్పులోకి చూసుకుంటున్నారు. ఇన్నేళ్ళూ పేర్లకు పైసల్తో సహా విలువ కట్టిన మనిషి, ఆ గంటను ఏ ఒక్క ఏడూ మరిచిపోలేదని అప్పుడు అర్థమైంది.

"సరే అంకుల్, ఆగుదాం," అన్నాను.

గంటసేపు ఆగాం. అప్పుడు ఆట పెట్టారు.

ఈ ఏడు నవంబరుకు ఆయన లేరు. చెల్లెలు ఇల్లు ఖాళీ చేయిస్తూ గుర్తుగా ఏమైనా తీసుకోమంటే రెండు కుర్చీలు అడిగాను. ఆవిడ వింతగా చూసి ఇచ్చేసింది. అక్కడ గడియారాలు తిప్పిన తరువాతి ఆదివారం ఉప్మా చేసుకుని, ఆ రెండు కుర్చీలూ కారిడార్లో ఆయన గేటుకు ఎదురుగా వేశాను. గేటుకి తాళం. ఒకదాంట్లో కూర్చుని, రెండోదాని మీద టిష్యూ ప్యాకెట్ పెట్టాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

చివరి ఫ్లాట్ ఆంటీ మార్కెట్ నుంచి వస్తూ ఆగింది. "వెయిటింగ్ ఫర్ హూ ఆ?" అని అడిగింది.

"మ్యాచ్ ఆంటీ. టైం మార్చేశారు. ఇంకా గంట ఉంది," అన్నాను ఇంగ్లీషులో.

ఆవిడ తాళం వైపు చూసింది. ఖాళీ కుర్చీ వైపు చూసింది, దాని మీద టిష్యూ ప్యాకెట్ వైపు చూసింది. కూరగాయల సంచి కింద పెట్టి, ఆ కుర్చీ జోలికి పోకుండా, నా పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.