ప్లాట్ల నడుమ తీపి జొన్న

అప్పట్లో మేం దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుండేవాళ్లం. మాది గుంటూరు వైపు. నాకు ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఉద్యోగం. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే, మొక్కల్లో చక్కెర మీద పని అని చెప్పేదాన్ని. "చెరకా?" అనేవారు వెంటనే. కాదు, జొన్న అంటే మాట మార్చేసేవారు.

మనం తినే జొన్న గింజ బాగా ఇస్తుంది. దాని కాడ మాత్రం బెండులా పొడిగా ఉంటుంది. ఇంకో రకం ఉంది. దాని కాడ నిండా తియ్యటి రసం, గింజ మాత్రం అంతంత మాత్రం. ఆకులో తయారైన చక్కెర కాడలోనే నిలవుండాలా, గింజలోకి పోయి పిండిగా మారాలా అన్నది మొక్క లోపల జరిగే పంపకం. ఆ పంపకం రెండువైపులా సరిపోయే మొక్క ఒకటి దొరుకుతుందా అన్నదే నా ప్రశ్న. దొరికితే మెట్ట రైతు గింజ తింటాడు, కాడ గానుగకు వేసుకుంటాడు. రెండు రకాలనూ కలిపి సంకరం చేశాను. మొదటి తరం మొక్కలన్నీ ఒక్క పోలికలో వచ్చాయి. అసలు కథంతా రెండో తరంలోనే. అందులో ఏ మొక్క గుణం దానిదే, పక్కదానిలా ఉండదు. ఒకటి పోతే అలాంటిది మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

సరిగ్గా ఆ రెండో తరం విత్తే ఏడాది, కేంద్రంలో నాకున్న మడిని మా పెద్ద ఆఫీసరు వేరే పథకానికి ఇచ్చేశారు.

"మీ ఇంటి దగ్గర్లో చూసుకోండమ్మా. ఎల్బీనగర్ అవతలంతా పొలాలేగా" అన్నారు.

పొలాలే, కానీ ఆ ఏడాదికే. ఎల్బీనగర్ చౌరస్తా దాటి వనస్థలిపురం వెళ్లే దారిలో, ఊళ్లో అందరూ పటేల్ అని పిలిచే ఒక పెద్దాయనను పట్టుకున్నాను. ఆయన పొలానికి ఒకవైపు అప్పటికే ఇళ్ల పునాదులు లేస్తున్నాయి.

"జొన్నలేనా అమ్మా? ఏసుకో. ఎట్లన్న ఎవ్వలు దున్నక పడావే ఉన్నది" అన్నాడు.

వానలకు విత్తించాను. రోజూ పొద్దున బస్సులో చౌరస్తాకు వెళ్లి, అక్కడినుంచి బురదలో నడిచేదాన్ని. పూత సమయంలో ప్రతి కంకికీ కాగితపు సంచి తొడిగాను, పక్క మొక్క పుప్పొడి పడకుండా. ప్రతి సంచికీ మొక్క గుర్తు రాసిన చీటీ కట్టాను. ఇక గింజ గట్టిపడేదాకా ఆగాలి. అప్పుడే కాడలో రసం తీసి తీపి కొలవాలి. తొందరపడి ముందే కోస్తే, గింజ నిండాక కాడలో ఎంత మిగిలేదో ఎప్పటికీ తెలియదు. ఆగాను.

కోతకు ఇంకాస్త వ్యవధి ఉందనగా, పండగ సెలవులు ముగిశాక ఒక ఉదయం వెళ్లేసరికి వరసల మధ్య ఖాళీలు కనిపించాయి. మొదట పశువులు పడ్డాయనుకున్నాను. గట్టు మీద చూస్తే నమిలి ఊసిన పిప్పి కుప్పలుగా ఉంది. పక్కనే సంచులు, చీటీలతో సహా కంకులు విరిచి పడేసి ఉన్నాయి.

పునాదుల దగ్గర ఇటుకలు మోసే ఒకావిడ నీడన కూర్చుని కాడ నములుతోంది.

"ఎవరమ్మా ఇవన్నీ విరిచింది?" అని అడిగాను.

"అందరం తిన్నమమ్మా. మస్తు తియ్యగున్నయి. కంకులు మాకెందుకని గాడనే ఇడిసినం."

"అన్నీ తిన్నారా?"

"అన్నెందుకు తింటం? చప్పగున్నయి అట్లనే ఉన్నయి సూడు. జర కొరికి సూసి, తియ్యగుంటెనే ఇరుసుడు."

దొంగలు దొరికింది దొరికినట్టు ఎత్తుకుపోయినా నాకింత నష్టం ఉండేది కాదు. వీళ్లు ఏరుకుని తిన్నారు. నాకు కావలసినవే పోయి, అక్కర్లేనివి మాత్రం వరసలో నిలబడి ఉన్నాయి.

తిట్టాలని నోటిదాకా వచ్చింది. అంతలో ఆవిడ తన చేతిలోని కాడ విరిచి సగం నాకు చాపింది. "ఎండల వడి వచ్చినవ్, నువ్వు గూడ తినమ్మా" అంది.

సంచిలో తీపి కొలిచే చేతి పరికరం ఉంది. ఆ ముక్కను పిండి, ఒక చుక్క దాని అద్దం మీద వేసి వెలుతురుకు పట్టి చూశాను. గీత చెరకు దరిదాపుల్లోకి వెళ్లి ఆగింది. అంత తీపి నా మడిలో ఉందని నాకే తెలియదు.

"ఇది ఏ మొక్కదమ్మా? ఏ వరసలోది?"

"ఏమో. మా ఆయన తెచ్చిండు" అంది.

ఆమె మొగుడు ఆ రోజు ఇంకెక్కడో స్లాబు పనికి పోయాడు. వచ్చినా ఏం చెప్పగలడు?

పటేల్ దగ్గరికి వెళ్లి మొత్తుకున్నాను. ఆయన తలగోక్కుని, "జొన్నలంటివి కదమ్మా! గింత తియ్యగుంటదని ముందుగాల్నే చెప్తే నేనే కావలుందును" అన్నాడు.

మర్నాడు ఆఫీసులో చెప్పాను. పెద్ద ఆఫీసరు ఫైలు మీంచి తలెత్తలేదు.

"మిగిలినవి కొలిచి రాసెయ్యండి."

"తియ్యనివన్నీ పోయాయి సర్. మిగిలినవి కొలిస్తే ఈ సంకరంలో తీపే రాదని తేలుతుంది."

"తేలనివ్వండి. రాదని తేలడమూ ఫలితమేగా?"

"అది ఫలితం కాదు సర్, అబద్ధం."

ఆయన ముఖం ముడుచుకుంది. "మరి రిపోర్టులో ఏం రాయమంటారు?"

"కూలీలు తినేశారని రాయండి."

"బాగుండదమ్మా" అని, పక్షుల వల్ల పంట నష్టం అని రాశారు. ఆ వాక్యం కింద నా చేత సంతకం కూడా పెట్టించారు.

గట్టు మీది కంకులన్నీ ఏరి ఇంటికి తెచ్చాను. పారేసిన కంకి అంటే తియ్యటి కాడది. ఎంత తీపో తెలియకపోయినా, ఏ మొక్కలు తియ్యనివో చీటీలు చెబుతాయి. వాటి గింజలు విత్తి మూడో తరంలో కొలవచ్చు. డాబా మీద ఆరబెడితే పావురాలు వాలుతున్నాయని ఇంటి యజమానురాలి గొడవ. పావురాలను తోలుతూ సెలవు రోజులన్నీ డాబా మీదే గడిపాను.

మళ్లీ వానలకు ముందు వెళ్తే పొలంలో తెల్లరంగు వేసిన రాళ్లు పాతి ఉన్నాయి.

"ఇగ ఏడ ఏస్తవమ్మా? ప్లాట్లు జేసినం" అన్నాడు పటేల్. "నువ్వు గూడ ఒకటి తీస్కోరాదు? ఇగ బస్సు గూడ ఈడిదాక వస్తది."

"నాకు ప్లాటొద్దు పటేల్ గారూ. మడి కావాలి."

ఆయన నవ్వాడు. "మడి గావాల్నంటే హయత్‌నగర్ అవతలికి పోవాలె. గాడ గూడ ఎన్ని దినాలుంటదో!"

అటువైపు కూడా తిరిగాను. ఎవరిని అడిగినా అమ్మకానికి పెట్టామనేవారు. ఆ ఏడు పోయింది, పై ఏడూ పోయింది. విత్తనాలు డబ్బాల్లో పాతబడుతుంటే నాకు ఇంట్లోవాళ్ల మీద కూడా విసుగొచ్చేది. కూరలో పంచదార ఎక్కువైందని మావారు అన్నందుకు ఒక పూట అన్నం మానేశాను.

పాత ఆఫీసరు బదిలీ అయ్యాక కేంద్రంలో కంచె ఉన్న ఒక మూల దొరికింది. విత్తాను. చాలావరకు మొలకెత్తలేదు. గింజ గట్టిపడక ముందే విరిచిన కంకులవి. మొలిచిన కొద్ది మొక్కల్లోనే నా జవాబు దొరికింది. కొన్నిట్లో గింజా నిండింది, కాడలో తీపీ నిలిచింది. చక్కెరను విరగ్గొట్టే ఎంజైము ఆ కాడల్లో పూత తర్వాత బాగా తగ్గిపోయేది. కానీ ఆ గుణం పిల్ల మొక్కలకు ఏ లెక్కన వస్తుందో చెప్పాలంటే ఆ కొద్ది మొక్కలు చాలవు. రెండో తరం లెక్కలు లేక నా వ్యాసం ఒక చిన్న గమనికగా కుదించుకుపోయింది.

పెద్ద ఎత్తున మళ్లీ మొదలుపెడతానని కొత్త ఆఫీసరును అడిగాను.

"చెరకుంది కదమ్మా. జొన్న నుంచి చక్కెర ఎవరిక్కావాలి?" అన్నారు.

ఎవరికి కావాలో చాలాసేపు చెప్పాను. నీళ్లు లేని ఊళ్ల గురించి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. ఆ నెలాఖరుకు నన్ను కందుల విభాగానికి మార్చారు. అక్కడ ఏం చూడాలని అడిగితే, కాయ తొలిచే పురుగు అన్నారు.